పనుల పుస్తకమా, చేతి ఫోనా? - సేద్యపు పనులు మరువకుండుటకు మార్గము

సేద్యములో ఏ పనికైనను అదను ముఖ్యము. విత్తనము మంచిదైనను, ఎరువు మంచిదైనను, అదను తప్పినచో రెండును పూర్తి ఫలితము నీయవు. అదను తప్పుటకు కారణములు పెక్కు. వాన రాకపోవచ్చును, కూలీలు దొరకకపోవచ్చును, చేతిలో డబ్బు లేకపోవచ్చును. ఇవన్నియు మన అధీనములో లేనివి. అయితే మన అధీనములోనే యున్న కారణము ఒకటి కలదు. అది మరపు.

మన పెద్దలు మరపును జయించుటకు తమ మార్గములు తాము కల్పించుకొనిరి. విత్తుటకు, నాటుటకు కార్తెలను గుర్తు పెట్టుకొనిరి. ఆడవారు కొంగున ముడి వేసికొనిరి. పాల లెక్క గోడపై బొగ్గుతో గీతలు గీసి చూచుకొనిరి. షావుకారు చిట్టా, ఆవర్జా వ్రాసెను. ఆ కాలమున విత్తనము ఇంటి గాదెలోనిది, ఎరువు పెంటకుప్పలోనిది, అప్పు ఊరిలోనిది. అందుచేత జ్ఞాపకశక్తియే చాలెను.

నేటి రైతు సంగతి వేరు. బ్యాంకు ఋణమునకు గడువు తేదీ కలదు. పంట నమోదునకు ఆఖరు తేదీ కలదు. పురుగు మందు చల్లిన తరువాత కోతకు ఆగవలసిన రోజులు కలవు. పశువులకు టీకా వేయించు కాలము కలదు. ఇన్ని తేదీలను మనస్సులో మోయుట ఎవరికిని సాధ్యము కాదు. వ్రాసికొనక తప్పదు. ఎక్కడ వ్రాయవలెను? కాగితముపైనా, ఫోనులోనా? పెద్దలు పుస్తకమే మేలందురు. పిల్లలు ఫోనుండగా పుస్తకమెందుకందురు. ఇద్దరి మాటలోను కొంత నిజము కలదు. సాధనమును బట్టి గాక పనిని బట్టి నిర్ణయించినచో ఈ తగవు తీరును.

పనులు మూడు విధములు

మీ ఇంట ఈ నెలలో జరుగవలసిన పనులన్నియు ఒక కాగితముపై వ్రాసి చూడుడు. అవి మూడు విధములుగా విడిపోవును.

మొదటివి గడియ పనులు. ఇవి ఫలాని వేళకే జరుగవలెను. కాలువ నీటి వంతు, మోటారునకు విద్యుత్తు వచ్చు వేళ, ఆవు ఎదకు వచ్చినప్పుడు వైద్యుని పిలుచుట, ధాన్యము కొనుగోలు కేంద్రమునకు మీకిచ్చిన వేళ ఇట్టివి. గంట దాటినచో పని చెడును.

రెండవవి తేదీ పనులు. ఇవి ఫలాని దినములోపల జరుగవలెను. పంట ఋణము తీర్చుట, పంట నమోదు, బీమా ప్రీమియము, టీకాలు, కలుపు మందు చల్లుట ఇట్టివి.

మూడవవి అదను పనులు. వీనికి గంట లేదు, తేదీ లేదు. వాన పడి నేలకు పదును కలిగినప్పుడు, పైరు ఒక దశకు వచ్చినప్పుడు, పురుగు కనిపించినప్పుడు చేయవలసినవి. సేద్యములో ఇట్టి పనులే హెచ్చు. పట్టణములో ఉద్యోగము చేయువాని పనుల పట్టికకు, రైతు పనుల పట్టికకు గల ముఖ్య భేదమిదియే.

గడియ పనులను ఫోనునకు అప్పగించుడు. తేదీ పనులను పుస్తకములో వ్రాసి, కొద్ది రోజుల ముందే మ్రోగునట్లు ఫోనులో గంట పెట్టుడు. అదను పనులను పుస్తకములోనే యుంచుడు. కారణములు ఈ క్రింద వివరింపబడినవి.

ఫోను చేయగల పని

పుస్తకము పిలువలేదు. మీరు తెరచి చూచిననే చెప్పును. ఫోను మీ జేబులో నుండి తానే పిలుచును. ఇది దాని మొదటి గుణము. ఇందులకు ఖరీదైన ఫోను అవసరము లేదు. మీటల ఫోనులో కూడ అలారము కలదు. పెక్కింటిలో క్యాలెండరు, రిమైండరు కూడ ఉండును.

ఒక ఉదాహరణము చూడుడు. ఆవు సుమారు 21 రోజులకొకమారు ఎదకు వచ్చును. ఉదయము ఎద లక్షణములు కనిపించినచో ఆ సాయంత్రము, సాయంత్రము కనిపించినచో మరునాటి ఉదయము కృత్రిమ గర్భధారణ చేయించవలెను. ఆ పూట మరచినచో మరల 21 రోజులు ఆగవలెను. ఆ 21 రోజులును మేత వేయక తప్పదు, ఈత వెనుకబడును, పాలును వెనుకబడును. ఉదయము ఎద చూచిన వెంటనే "సాయంత్రము 4 గంటలకు ఎఱ్ఱావును ఆసుపత్రికి" అని గంట పెట్టినచో ఈ నష్టము తప్పును. గేదెలలో మూగ ఎద హెచ్చు గనుక తేదీల అవసరము మరింత హెచ్చు.

రెండవ గుణము ఛాయాచిత్రము. తెగులు సోకిన ఆకు, వడగండ్లకు రాలిన గింజ, విత్తన సంచిపై చీటీ, ఎరువుల రసీదు ఫోనులో తీసికొనినచో తేదీతో సహా నిలిచియుండును. కేంద్ర పంటల బీమా పథకము అమలులో నున్న చోట, బీమా చేసిన పైరు వడగండ్ల వంటి స్థానిక విపత్తులకు దెబ్బ తిన్నచో 72 గంటలలోపల తెలియజేయవలెనని నిబంధన కలదు. 72 గంటలనగా మూడు దినములే. వాన వెలిసిన వెంటనే చేనికి పోయి చిత్రములు తీయుటకును, అక్కడి నుండియే తెలియజేయుటకును ఫోను కంటె మించినది లేదు.

మూడవది సమాచారము. భారత వాతావరణ శాఖ తదితర సంస్థలు కలిసి 2019లో ప్రారంభించిన మేఘదూత్ యాప్‌లో జిల్లాలవారీ వాతావరణ సూచనలు, సేద్యపు సలహాలు తెలుగులో కూడ లభించును. ఈ సలహాలు మంగళ, శుక్రవారములలో వెలువడును. 2004లో నెలకొల్పిన కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 సంఖ్యపై ఖర్చు లేకుండ ఫోను చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చును.

వ్రాయుట కష్టమైనవారు ఫోనులో మాట్లాడి భద్రపరచుకొనవచ్చును. రెండు చేతులకు బురదయున్నప్పుడు ఇది ఉపకరించును. అయితే ఆ రాత్రియే దానిని విని పుస్తకములోనికి ఎక్కింపవలెను. లేనిచో విననివి పోగుబడి, ఏది ఎక్కడున్నదో తెలియకుండ పోవును.

ఫోను చేయలేని పని

ఫోను ఒక్కరిది. సేద్యము ఇంటిల్లిపాదిది. ఈ భేదమును మరువరాదు.

కూరగాయల మడిలో పురుగు మందు చల్లినారనుకొందము. మందు డబ్బాతో వచ్చు కరపత్రములో, చల్లిన తరువాత కోతకు ఎన్ని రోజులు ఆగవలెనో వ్రాసియుండును. 7 రోజులని యున్నదనుకొనుడు. సెప్టెంబరు 10న చల్లినచో 17వ తేదీకి ముందు కాయ కోయరాదు. చల్లిన వాడు ఈ తేదీని తన ఫోనులో వ్రాసికొని పొలమునకు పోయెను. ఇంటిలో భార్యకు తెలియదు; కోతకు వచ్చిన కూలి ఆమెకును తెలియదు. 13వ తేదీన కాయ కోసి, కొంత వండి, కొంత సంతకు పంపుదురు. ఫోనులో తేదీ సరిగనే యున్నది. తెలియవలసిన వారికి మాత్రము తెలియలేదు. ఇట్టి విషయము వంటయింటి గోడనున్న క్యాలెండరుపై ఎఱ్ఱ సిరాతో నుండవలెను. మడి గట్టున ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱ పాతుట ఇంకను మేలు. ఇంటివారి ఆరోగ్యము, కొనువారి ఆరోగ్యము దీనిపై ఆధారపడియున్నవి.

ఫోను ఛార్జింగు అయిపోవును, నీటిలో పడును, కుమారుడు కళాశాలకు పట్టుకొని పోవును. పని చూచుటకు ఫోను తెరచి, వీడియోలు చూచుచు అరగంట గడపుట అందరికిని తెలిసినదే. వాట్సాప్ గుంపులలో శుభోదయముల నడుమ పంట నమోదు కబురు కొట్టుకొని పోవును.

వీనికంటె పెద్ద లోపము మరియొకటి. ఫోనునకు తేదీ తెలియును గాని పైరు తెలియదు. వరికి నత్రజని ఎరువును మూడు దఫాలుగా వేయవలెను: నాటునప్పుడు, పిలకలు తొడుగునప్పుడు, అంకురము ఏర్పడునప్పుడు. మూడవ దఫా ఎప్పుడు వచ్చునో వంగడపు కాలపరిమితిని బట్టియు, నాటిన అదనును బట్టియు, చలిని బట్టియు మారును. "ఫలాని తేదీన మూడవ దఫా యూరియా" అని ఫోనులో ముందుగనే వ్రాసి, గంట మ్రోగగానే చల్లుట సేద్యము కాదు. మొక్కను పీకి, చీల్చి, అంకురము చూచి వేయవలెను. అందుచేత అదను పనులకు ఫోనులో గంట పెట్టదలచినచో "వేయుము" అని గాక "పోయి చూడుము" అని పెట్టుడు. వారమునకు రెండు దినములు "చెరువు క్రింది మడి పోయి చూడుము" అని మ్రోగినచో చాలును. ఏమి చేయవలెనో అక్కడ పైరే చెప్పును.

పుస్తకము చేయగల పని

పుస్తకమునకు ఛార్జింగు అక్కరలేదు, సిగ్నలు అక్కరలేదు. తాతయు, కోడలును, పాలేరును చూడగలరు. పంటకాలమంతయు ఒక్క పుటలో కంటికి కనిపించును. నిరుడు ఏ వంగడము ఎప్పుడు నాటితిమి, ఎన్ని మారులు మందు చల్లితిమి, ఎంత పండినది అని వెనుకకు త్రిప్పి చూచుకొనవచ్చును. పది సంవత్సరముల పుస్తకములు వరుసగా నున్న యింట, మీ నేలకు సంబంధించినంత వరకు మరెక్కడను దొరకని విజ్ఞానముండును. ఆ కాలములో ఫోనులు నాలుగైదు మారియుండును. మార్చిన ప్రతిసారియు కొంత సమాచారము పోయియుండును.

చేతితో వ్రాయునప్పుడు ఆలోచింపక తప్పదు. ఇంతకును ఆ పని ఎవరు చేయుదురు, ముందు ఏమి సిద్ధము చేసికొనవలెను అను ప్రశ్నలు వ్రాయుచుండగానే తోచును.

పుస్తకమునకును లోపములు కలవు. తడిసిన పోవును; చెద పట్టును; ఇంటిలో మరచినచో పొలములో ఉపయోగపడదు. ఒకే ప్రతి యుండును. అందుచేత నెలకొకమారు ముఖ్యమైన పుటలను ఫోనులో చిత్రము తీసి యుంచుడు. ఫోను పోయిన నాడు పుస్తకమును, పుస్తకము పోయిన నాడు ఫోనును ఆదుకొనును. పుస్తకపు చివరి పుటలో అవసరమైన ఫోను సంఖ్యలు వ్రాయుడు: పశువైద్యుడు, బ్యాంకు, వ్యవసాయ సహాయకుడు, ట్రాక్టరు యజమాని, దగ్గరి చుట్టములు. ఫోను పోయినప్పుడు ఇంటివారి సంఖ్యయైనను నోటికి రాని రోజులివి.

పుస్తకమును ఎట్లు కట్టుకొనవలెను

200 పుటల పొడవు నోటు పుస్తకము ఒకటి చాలును. దానిని ఈ విధముగ విభజింపుడు.

1. మొదటి పుట: మీ పొలముల పటము. ప్రతి చెక్కకు సర్వే సంఖ్య, విస్తీర్ణము, మీరు పిలుచు పేరు వ్రాయుడు.

2. చెక్కల పుటలు: ప్రతి చెక్కకు రెండు పుటలు. విత్తిన తేదీ, వంగడము, ఎరువులు, మందులు, దిగుబడి.

3. వారపు పుటలు: ఎడమ ప్రక్క తేదీ పనులు, కుడి ప్రక్క అదను పనులు. అదను పనులకు "వాన పడినచో", "వాన లేనిచో", "పురుగు కనిపించినచో" అని మూడు గళ్ళు గీయుడు. వాన వెలిసిన నాడు ఏ పని ముందో ఆలోచించుచు కూర్చొనక, ఆ గడి చూచి బయలుదేరవచ్చును.

4. పశువుల పుటలు: ఒక్కొక్క పశువునకు ఒక పుట.

5. పద్దుల పుటలు: ఖర్చు, రాబడి, కూలి బాకీలు.

6. కాగితముల పుట: ఏ రసీదు ఏ సంచిలో నున్నదో. విత్తనపు బిల్లు, సంచిపై చీటీ, కొద్ది విత్తనము పంట ఇంటికి వచ్చువరకు పారవేయరాదు. విత్తనము మొలకెత్తనిచో ఫిర్యాదుకు ఇవియే ఆధారము. ఫోనులో చిత్రమున్నను అసలు కాగితము నుంచుకొనవలెను.

ఏటీఎమ్ రహస్య సంఖ్య, బ్యాంకు పాస్‌వర్డు ఈ పుస్తకములో వ్రాయరాదు. ఫోనుకు వచ్చు ఓటీపీని ఎవరడిగినను చెప్పరాదు.

పనిని వ్రాయు పద్ధతి

"ఎరువు" అని వ్రాసినచో అది పని కాదు, పేరు. "చెరువు క్రింది మడికి రెండవ దఫా యూరియా, సంచి ముందునాడే తెచ్చుట" అని వ్రాసినచో పని యగును. ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అను నాలుగును ఉండవలెను. ఫోనులో గంటకు పేరు పెట్టునప్పుడును ఇట్లే చేయుడు. పేరు లేని గంట మ్రోగినచో, ఎందులకు పెట్టితిమో తెలియక ఆపివేయుదుము.

ఒక వరి మడిని ఉదాహరణముగా తీసికొందము. జూన్ 20న నారు పోసినారు. 25 రోజుల నారు జూలై 15న నాటినారు. నాటిన 3 నుండి 5 రోజులలోపల వేయవలసిన కలుపు మందు మీ వ్యవసాయాధికారి సూచించినారు. అనగా జూలై 18 నుండి 20 వరకు మూడు దినములే వ్యవధి. పుస్తకములో 18వ తేదీ క్రింద మందు పేరు, మోతాదు, మడిలో నీరు ఎంత యుండవలెనో వ్రాయుడు. ఫోనులో గంట మాత్రము 16వ తేదీకి పెట్టుడు. పేరు "కలుపు మందు కొనుట". 18న మ్రోగి, ఆనాడు బజారుకు పోయి, దుకాణము మూసియున్నచో వ్యవధి గడచిపోవును. గంట ఎల్లప్పుడు పని చేయు దినమునకు గాక, పనికి సిద్ధపడు దినమునకు పెట్టవలెను.

బ్యాంకు ఋణమునకును ఇదే సూత్రము. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ క్రింద నిర్ణీత పరిమితి వరకు పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల తీర్చినవారికి 3 శాతము తగ్గును. 1 లక్ష రూపాయలపై ఏడాదికి ఇది 3,000 రూపాయలు. ఒక్క తేదీ మరచినందుకు పోవు సొమ్మిది. గడువుకు నెల ముందొకటి, పది రోజుల ముందొకటి, రెండు గంటలు పెట్టుడు. మొదటిది డబ్బు సమకూర్చుకొనుటకు, రెండవది బ్యాంకుకు పోవుటకు.

పశువు పుట ఎట్లుండునో చూడుడు. ఆవునకు సెప్టెంబరు 22న గర్భధారణ చేయించినారనుకొందము. ఆనాడే కూర్చుని తేదీలన్నియు లెక్క కట్టి వ్రాయవచ్చును. అక్టోబరు 13 ప్రాంతమున మరల ఎదకు వచ్చినదేమో చూచుట. డిసెంబరు 22 ప్రాంతమున చూడి పరీక్ష. చూడి కట్టియున్నచో, ఆవు 280 రోజులు మోయును గనుక ఈత వచ్చు సంవత్సరము జూన్ 29 ప్రాంతమున. ఈతకు 60 రోజుల ముందు, అనగా ఏప్రిల్ 30 నాటికి పాలు పిండుట మాన్పించవలెను. గేదె యైనచో సుమారు 310 రోజులు లెక్కింపవలెను. ఇవిగాక గాలికుంటు టీకా ఆరు నెలలకొకమారు. ఒక్కనాడు పావుగంట కూర్చుని వ్రాసినది తొమ్మిది నెలలు దారి చూపును.

ఒక పనికి ఒకే చోటు

రెండు సాధనములున్నప్పుడు ఒక ప్రమాదము కలదు. ఒకే పనిని పుస్తకములో, ఫోనులో, గోడ క్యాలెండరుపై, జేబులోని చీటీపై వ్రాయుట. తేదీ మారినప్పుడు ఒకచోట దిద్ది, మూడు చోట్ల మరతుము. అప్పుడు దేనిని నమ్మవలెనో తెలియదు. అందుచేత పుస్తకమును అసలుగా నుంచుకొనుడు. ఫోను, గోడ క్యాలెండరు దానికి సేవకులు. ఏ పనికి ఫోనులో గంట పెట్టినారో పుస్తకములో దాని ప్రక్క "గం" అని గుర్తు వేయుడు. గోడకు ఎక్కించినచో "గో" అని వేయుడు. తేదీ దిద్దినప్పుడు ఆ గుర్తు చూచి అక్కడను దిద్దవచ్చును.

ఫోనులో గంటలు మితముగా నుండవలెను. రోజుకు పది మారులు మ్రోగినచో పదకొండవది ఎవరును వినరు. రోజుకు మూడింటికి మించి పెట్టవలసి వచ్చినచో, వానిలో కొన్ని పుస్తకమున నుండదగినవే యని తెలిసికొనుడు.

రాత్రి భోజనమైన పిదప పావుగంట ఇందులకు కేటాయింపుడు. భార్యాభర్తలు కలిసి చూచుట మంచిది. పాడి, కూలీలు, ఇంటి ఖర్చు వివరములు ఆమెకే హెచ్చుగా తెలిసియుండును. అయిన పనిని కొట్టివేయుడు. కానిదానిని మరునాటికి మార్చుడు. ఒకే పనిని మూడు మారులు మార్చవలసి వచ్చినచో ఆగి ఆలోచింపుడు. డబ్బు లేదా, మనిషి లేడా, లేక ఆ పనియే అనవసరమా? కారణము తెలిసిన పిదప దానిని సరిదిద్దవలెను లేదా కొట్టివేయవలెను. చేయని పనుల పట్టిక పెరిగినకొలది పుస్తకము తెరచుటకే మనసొప్పదు.

కొందరి సందేహములు

"ముప్పది ఏండ్లుగా సేద్యము చేయుచున్నాను, ఏ పుస్తకము లేకయే జరిగినది" అని కొందరందురు. మీ జ్ఞాపకము మీతోనే యుండును. మీరు జ్వరముతో పడియున్న వారము రోజులు ఇంటివారికి అది ఉపయోగపడదు. పుస్తకము మీరు లేని నాటికి కూడ.

"నాకు చదువు అంతగా రాదు" అనువారు గుర్తులు వేసికొనవచ్చును. నీటికి ఒక గీత, ఎరువునకు సున్న, మందుకు ఇంటూ గుర్తు. ఇంట బడికి పోవు పిల్లలున్నచో రాత్రి వారిచే వ్రాయించుడు. సేద్యము వారికిని కొంత తెలిసివచ్చును.

"ఫోను పని పిల్లలే చూచుకొందురు" అనువారు గంట పెట్టుటయైనను నేర్చుకొనుట అవసరము. పిల్లలు పట్టణమునకు పోయిన నాడు ఎద ఆగదు, నీటి వంతు ఆగదు.

గ్రామాధికారులకు

వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు, గ్రామ కార్యదర్శులు తమ వివరములను ప్రభుత్వ యాప్‌లలో నింపక తప్పదు. అయితే రైతులకు కబురు పంపుటలో యాప్ ఒక్కటియే చాలదు. వాట్సాప్‌లో పెట్టితిమి గనుక అందరికిని తెలిసినదని భావింపరాదు. ఫోను లేని వృద్ధులు, భర్త చేతిలో ఫోనున్న స్త్రీలు, కౌలు రైతులు ఎందరో కలరు. పంట నమోదు, టీకాల శిబిరము, విత్తన పంపిణీ తేదీలను రైతు సేవా కేంద్రము లేదా రైతు వేదిక వద్ద పలకపై పెద్ద అక్షరములతో వ్రాయుడు, రచ్చబండ వద్ద, పాల కేంద్రము వద్ద అంటింపుడు, చాటింపు వేయించుడు. తేదీ, చోటు, తీసికొని రావలసిన కాగితములు మూడును ఆ ప్రకటనలో నుండవలెను. తేదీ మారినచో పాత కాగితమును చింపివేయుట మరువరాదు. రైతు ఏదైన నమోదు చేయించుకొనినప్పుడు రసీదు సంఖ్యను ఆతని పుస్తకములో మీ చేతితో వ్రాసి యిచ్చినచో, తరువాత ఆతనికి, మీకు కూడ శ్రమ తగ్గును.

ఎట్లు ప్రారంభింపవలెను

అన్నియు ఒక్కనాడే చేయబూనరాదు. మొదటి వారము ఒక్క చెక్కకు, ఒక్క పశువునకు పుటలు వ్రాయుడు. రెండవ వారము తేదీ పనులన్నియు ఎక్కించి, ముఖ్యమైన రెండు మూడింటికి ఫోనులో గంటలు పెట్టుడు. మూడవ వారము నుండి అదను పనుల గళ్ళు నింపుడు.

సార్వాలో గాని, వానాకాలపు మెట్ట పంటలో గాని ఇట్లు మొదలు పెట్టినవారు సంక్రాంతికి పుస్తకము ముందు పెట్టుకొని మూడు లెక్కలు చూచుకొనవలెను. ఎన్ని పనులు అదను తప్పినవి? ఎన్ని మారులు గంట మ్రోగినను పని చేయక ఆపివేసితిమి? ఎన్ని మారులు కావలసినది వెదకినను దొరకలేదు? మొదటి లెక్క పెద్దదైనచో వ్రాయుటయే చాలలేదు. రెండవది పెద్దదైనచో గంటలు తగ్గించి పుస్తకముపై హెచ్చుగా ఆధారపడుడు. మూడవది పెద్దదైనచో చీటీలు, ఫోను, గోడ అని పలుచోట్ల వ్రాయుచున్నారు, ఒక్కచోటికి తెచ్చుకొనుడు. ఆ లెక్కలను బట్టి దాళ్వాకు, యాసంగికి మీ పద్ధతిని సవరించుకొనవచ్చును.